పదిహేను శాతం రాయితీ

ఫ్యాక్టరీ ఆసుపత్రిలో మనుషుల ఊపిరి కొలిచే గదికి కిటికీ లేదు. అదేమిటని ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళూ లేరు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, బల్ల మీద టిఫిన్ డబ్బా అంత యంత్రం, దానికొక గొట్టం, గొట్టం చివర మనిషి మనిషికీ మార్చే అట్టమూతి. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క బిగిన ఆ గొట్టంలోకి ఊదాలి. ఎంత ఊదారో యంత్రం లీటర్లలో చూపిస్తుంది. ఆ వయసుకూ ఆ ఎత్తుకూ ఉండవలసినదానిలో అది ఎంత శాతమో లెక్కగట్టి కాగితం మీద అచ్చు వేస్తుంది. ఎనభై, ఆపైన వస్తే పాస్. తగ్గితే ఫెయిల్.

ఆ యంత్రం ముందు పంతొమ్మిదేళ్ళుగా కూర్చున్న మనిషిని అందరూ గాలి మాస్టారు అంటారు. ఊదించేటప్పుడు ఆయన పెట్టే కేకల వల్ల వచ్చిన పేరది. "ఊదు, ఊదు, ఇంకా ఉంది, లోపల దాచుకుని ఎవరికి పెడతావయ్యా, ఊదు" అంటూ బల్ల చరుస్తుంటే ఊపిరి లేనివాడు కూడా సిగ్గుపడి ఇంకో గుక్క ఊదేవాడు. పాసైన ప్రతివాడికీ బయట వరుసలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. దగ్గుతూనే కొట్టేవాళ్ళు, అది వేరే సంగతి.

యంత్రానికి రెండు మీటలున్నాయి. ఒకటోది వాగు ఇవతలి వాళ్ళకు, రెండోది వాగు అవతలి వాళ్ళకు. ఇవతలి వాళ్ళు ఆఫీసులో పనిచేస్తారు. అవతలి వాళ్ళు రాతి పలకలు కోస్తారు, మోస్తారు, సానపడతారు. అవతలి వాళ్ళ ఒంటి రంగు కాస్త ముదురు, జుట్టు ఉంగరాలు, ఇంటిపేరు చెబితే చాలు ఎటువైపు మనుషులో తెలిసిపోతుంది. వాళ్ళ గురించి ఇవతల ఒక సామెత ఉంది: "అవతలివాడికి ఊపిరి పొట్టి, ఓపిక గట్టి." ఇది తిట్టు కాదు, మెచ్చుకోలు. పెళ్ళిపందిళ్ళలో మెచ్చుకుంటారు, బడిలో మెచ్చుకుంటారు. అవతలి ఆడమనిషి పురిటినొప్పులకు కేకలు పెడితే "నీకేంటమ్మా, గట్టి పిండానివి" అని మెచ్చుకుని నర్సు మందు బుడ్డి మళ్ళీ బీరువాలో పెట్టేస్తుంది. ఇన్ని మెప్పులు పొందుతూ అవతలి వాళ్ళు యాభై దాటేసరికి పోతుంటారు. ఇవతల ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు పొద్దున్నే ఎర్రబూట్లు వేసుకుని నడకకు వెళుతూ, పాపం వాళ్ళ ఆయుష్షే అంత అనుకుంటారు. అరవైకి ఉద్యోగం విరమించేవాళ్ళకు బహుమతిగా ఇవ్వడానికి ఫ్యాక్టరీ ఎప్పుడో ఓ పాతిక గోడగడియారాలు కొన్నది. ఆఫీసు వాళ్ళకు ఇచ్చినవి పోగా సాన సెక్షన్ వాళ్ళకు తీసిపెట్టినవన్నీ డబ్బాల్లో అలాగే ఉన్నాయి.

రెండో మీట నొక్కితే యంత్రం ఉండవలసిన ఊపిరినే పదిహేను శాతం తగ్గించి లెక్క చూస్తుంది. దీన్నే రాయితీ అంటారు. దానికొక వీరగాథ ఉంది. ముప్పై అయిదేళ్ళ కిందట ఊపిరి పరీక్షలో ఫెయిలైనవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి పంపేసేవాళ్ళు. సంఘం పెద్దాయన, అప్పట్లో కుర్రాడు, నలభై రోజులు సమ్మె చేయించాడు. యాజమాన్యం దిగివచ్చి పండితులను పిలిపించింది. వాళ్ళు కొలిచి చూసి, వీళ్ళకు పుట్టుకతోనే ఊపిరితిత్తులు చిన్నవి, అది రోగం కాదు, జాతి లక్షణం అని తేల్చారు. ఆ రోజు నుంచి ఫెయిలయ్యేవాళ్ళు లేరు. వాగవతల ఇప్పటికీ పెద్దాయన ఎదురైతే లేచి నిలబడతారు.

పన్నెండేళ్ళ కిందట చట్టం మారింది. ఇప్పుడు ఫెయిలైనవాణ్ణి ఇంటికి పంపకూడదు. పెద్ద ఆసుపత్రికి పంపి వైద్యం చేయించాలి, దుమ్ములేని పని ఇవ్వాలి, జీతం తగ్గించకూడదు. చట్టమైతే మారింది గాని చప్పట్లు మారలేదు. రాయితీని వదులుకునే వెర్రివాడెవడు? గాలి మాస్టారు కూడా వదులుకోలేదు. ఆయనా వాగు అవతలి మనిషే. వాళ్ళలో కుర్చీలో కూర్చునే ఉద్యోగం దొరికిన మొదటివాడు. రోజుకు నలభైసార్లు రెండో మీట నొక్కి, మనవాళ్ళకు మేలు చేస్తున్నాననుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు.

ఆయన చెల్లెలు సాన సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళుగా పలకల అంచులు చక్రానికి పట్టి నునుపు చేస్తోంది. భర్త పోయాక అన్నగారింటి పక్క వాటాలోనే ఉంటోంది. మాటకు ముందు నవ్వే మనిషి. ఆర్నెల్లుగా ఆ నవ్వు సగంలో ఆగిపోయి దగ్గులోకి దిగుతోంది. బిందె ఎత్తలేకపోతోంది. మూడు మెట్లెక్కి నాలుగో మెట్టు మీద కూర్చుంటోంది. ఒకరోజు పని మధ్యలో కళ్ళు తిరిగితే తోటివాళ్ళు ఆసుపత్రికి తీసుకొచ్చారు.

గాలి మాస్టారు రెండో మీట నొక్కి చెల్లెలి చేత ఊదించాడు. ఎందుకో కేకలు పెట్టలేకపోయాడు. రెండు లీటర్ల పైన ఒక చుక్క. కాగితం మీద ఎనభై అయిదు శాతం అని పడింది.

"పాసయ్యానా అన్నయ్యా?" అంది చెల్లెలు, గోడ పట్టుకుని.

"పాసయ్యావు."

బయటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె వాళ్ళకేసి చెయ్యి ఊపి, తలుపు దాకా నడిచి, అక్కడే కూలబడింది.

మర్నాడు కాగితం పట్టుకుని ఆయన పెద్ద డాక్టరు గదికి వెళ్ళాడు. డాక్టరు చెడ్డవాడు కాదు. అందరినీ పలకరిస్తాడు, ఎవరి మీదా కసురుకోడు. చేతి రాత కూడా అర్థమవుతుంది.

"సార్, మా చెల్లెల్ని పెద్దాసుపత్రికి రాయండి. మెట్లెక్కలేకపోతోంది."

"ఎనభై అయిదు వచ్చిందిగా. మీవాళ్ళకి ఇది భేషుగ్గా ఉన్నట్టు" అన్నాడు డాక్టరు. "రాద్దామన్నా నా చేతిలో ఏముంది? కాగితం ఫెయిలంటే కళ్ళు మూసుకుని సంతకం పెడతాను."

"ఆ పదిహేను శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?"

పంతొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. డాక్టరుకు ముచ్చటేసింది. బీరువా పైనుంచి అట్ట ఊడిన పుస్తకం దించి, దుమ్ము దులిపి, పేజీ తీసి ఇచ్చాడు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: "సాన సెక్షన్‌లో పనిచేసే మూడు వందల పదిమంది పురుషులను కొలిచి నిర్ణయించడమైనది."

గాలి మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఆ మూడు వందల పదిమందిలో ఆయన తండ్రి ఒకడు. పండితులు వ్యాను వేసుకుని వచ్చిన రోజు ఆయనకు బాగా గుర్తు. తండ్రి ఊది వచ్చి, బహుమతిగా ఇచ్చిన సబ్బూ తువ్వాలూ అమ్మకు చూపించి, "మన ఊపిరి పుస్తకానికి ఎక్కిందే" అని మురిసిపోయాడు. అప్పటికే రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. యాభై ఒకటో ఏట పోయాడు.

"సార్, వీళ్ళంతా అప్పటికే దుమ్ము మింగినవాళ్ళు. మా నాన్న కూడా ఉన్నాడు ఇందులో. ఆయనది రోగం సార్. రోగాన్ని కొలిచి మా లక్షణమని రాశారు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆలోచించాల్సిన మాటే. కానీ అలా తేల్చాలంటే దుమ్ములో పని చెయ్యని మీవాళ్ళని కొలవాలి. ఎవరున్నారు చెప్పు?"

ఆయన వాగవతల ఇంటింటినీ మనసులో తడుముకున్నాడు. ఎవరూ తట్టలేదు.

"నేనున్నాను సార్. ఇక్కడికి రాకముందు కూడా బడిలో గుమాస్తా పనే చేశాను."

ఇద్దరూ కిటికీ లేని గదిలోకి నడిచారు. ఒకటో మీట డాక్టరే స్వయంగా నొక్కాడు. గాలి మాస్టారు జన్మలో మొదటిసారి ఆ గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. నూట ఒకటి. ఏ రాయితీ లేకుండా, ఇవతలి వాళ్ళ ఊపిరితో సమానంగా, ఇంకా ఒక పిసరు ఎక్కువగా.

డాక్టరు నిజంగానే సంతోషించాడు. భుజం తట్టాడు. "నేనెప్పుడూ అంటూనే ఉంటాను, నువ్వు మీవాళ్ళలా కాదని. అసాధారణం."

మూడు వందల పదిమంది రోగులు జాతి అయ్యారు. ఆరోగ్యంగా ఉన్న ఒక్కడు మినహాయింపు అయ్యాడు. ఇటువంటి లెక్కతో ఎవరు గెలుస్తారు? ఆయన నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. వచ్చిన కోపం తన మీదో డాక్టరు మీదో ఆయనకే తెలియలేదు.

ఇంట్లో జరిగింది చెబితే ఆయన భార్య చీర మడతపెడుతూ వింది. ఆవిడ దగ్గర రాయితీలు చెల్లవు.

"మీట ఎవరు నొక్కుతారు?" అంది.

"నేనే."

"మరి ఊరందరి మీదా పడి ఏడుస్తారేం? ఇరవై ఏళ్ళు ఒకే వేలితో ఒకే మీట నొక్కీ నొక్కీ, పక్కన ఇంకోటుందని మరిచిపోయారు."

"ఉద్యోగం పోతుందే."

"పోతుందేమో. మీ చెల్లెలు కూడా పోతుంది. ఏది ముందు పోవాలో చూసుకోండి."

మడతపెట్టిన చీర తీసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే ఏటా జరిగే పరీక్షల రోజు వచ్చింది. సాన సెక్షన్ నుంచి నలభైమంది వరుసలో నిలబడ్డారు. చెల్లెలు మొదట ఉంది, ఎక్కువసేపు నిలబడలేదని వాళ్ళే ముందుకు పంపారు. గాలి మాస్టారు అట్టమూతి మార్చాడు. వేలు రెండో మీట మీదికి దానంతటదే వెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒకటో మీట నొక్కాడు. ఊపిరి అదే, రెండు లీటర్ల పైన ఒక చుక్క. కాగితం మీద డెబ్భై రెండు పడింది.

"పాసా?" అంది చెల్లెలు.

"ఫెయిలయ్యావు తల్లీ" అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పని శుభవార్త చెబుతున్నట్టు అన్నాడు ఆ మాట.

అనుకున్నది అంతవరకే. చెల్లెలి పని చూసుకుని మళ్ళీ రెండో మీటకు వెళదామనే అనుకున్నాడు. రెండోవాడు వచ్చి కూర్చున్నాడు. వరసకు బావమరిది అయ్యే మనిషి, ఒకప్పుడు రెండు పలకలు ఒక్కడే మోసేవాడు. కుర్చీలో కూర్చోవడానికే ఆయాసపడ్డాడు. "కానీ బావా, కేకెయ్యి, ఊదేస్తాను" అన్నాడు. గాలి మాస్టారు వేలు ఒకటో మీట మీదే ఉండిపోయింది. సాయంత్రం దాకా అక్కడే ఉంది. నలభైమందిలో ఇరవై ఆరుగురు ఫెయిలయ్యారు. చప్పట్లు లేక వరండా బోసిపోయింది.

పెద్ద డాక్టరు ఫోనులో మాట్లాడుతూ కట్ట మొత్తం మీద సంతకాలు చేసుకుంటూ పోయాడు. కళ్ళు మూసుకుని సంతకం పెడతానన్న మాట నిలబెట్టుకున్నాడు. పొద్దున్నే కాగితాలు పెద్ద ఆసుపత్రికి వెళ్ళాయి. అక్కడివాళ్ళు ఎక్స్‌రేలు తీసి, ఇరవై ఆరుగురి ఊపిరితిత్తుల్లోనూ రాతిపొడి పేరుకుందని, ఇన్నాళ్ళూ వీళ్ళను ఎవరూ ఎందుకు పంపలేదని ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరంతో రెండు వైపులా గగ్గోలు లేచింది. ముందుగా మండిపడింది వాగు అవతలే. సంఘం పెద్దాయన కర్ర టకటకలాడించుకుంటూ ఇంటికి వచ్చాడు.

"ఒరేయ్, నలభై రోజులు గంజినీళ్ళు తాగి తెచ్చానురా ఆ రాయితీ. ఒక్కపూటలో మట్టిపాలు చేశావు. ఇరవై ఆరుమందికి ఊపిరి లేదని రాస్తావా? మన జాతి పరువేం కాను?"

"మావయ్యా, వాళ్ళకి ఊపిరి నిజంగానే లేదు."

"లేకపోతే మాత్రం? రాసి పెట్టాలా?"

పెద్దాయన దగ్గు తెర వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గాలి మాస్టారు మంచినీళ్ళు ఇచ్చాడు. ఆయన తాగి, మళ్ళీ తిట్టడానికి బలం చాలక, గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన మీద కోపం రాలేదు. జీవితంలో గెలిచిన ఒకే ఒక్క గెలుపు ఓటమి అని తెలిస్తే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు?

విచారణకు ముగ్గురు కూర్చున్నారు: మేనేజరు, లాయరు, పెద్ద డాక్టరు. మొదటిరోజే లాయరు ఒక విషయం కనిపెట్టాడు. చట్టంలో ఎక్కడా రెండో మీట లేదు. అది ఎవరూ రాయని ఆచారం. రాయలేదు కాబట్టి కొట్టేయడమూ ఎవరి వల్లా కాదు. ఇంకొకటి కూడా కనిపెట్టాడు. డాక్టరు సంతకం పడిన కాగితం ఏడాదిపాటు చెల్లుతుంది. దాన్ని రద్దు చేయాలంటే ఒక్కటే దారి: పరీక్ష చేసినవాడు పొరపాటు జరిగిందని ఒప్పుకోవాలి.

అందుకని ముగ్గురూ ఆయనతో ఎంతో మెత్తగా మాట్లాడారు. కాఫీ కూడా తెప్పించారు.

"చూడు మాస్టారూ, వేలు జారింది, అంతేగా" అన్నాడు మేనేజరు. "మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు. అందులోనూ మీవాళ్ళకి యంత్రాలు కొత్త. మేం అర్థం చేసుకోగలం. ఇక్కడ సంతకం పెట్టు, రేపు నీ కుర్చీలో నువ్వు కూర్చో. పరీక్షలు మళ్ళీ చేద్దాం."

కాగితం ముందుకు జరిపారు. మూడు లైన్లే ఉంది. సంతకం పెడితే కుర్చీ ఉంటుంది, చెల్లెలు మళ్ళీ ఎనభై అయిదు శాతంతో చక్రం ముందు కూర్చుంటుంది. ఆయనకు భయమేసింది. నిజమే చెప్పాలి, చాలా భయమేసింది. రెండో తరగతి చదివే మనవరాలు గుర్తొచ్చింది, ఇంటి అద్దె గుర్తొచ్చింది. కలం చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"వేలు జారలేదు సార్. తెలిసే నొక్కాను" అన్నాడు కలం కింద పెట్టేసి.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మేనేజరుకు ఆ మాట బోధపడలేదు. "లేదు లేదు, నీకు తెలియక అంటున్నావు" అన్నాడు.

"నలభైసార్లు నొక్కాను. నలభైసార్లూ తెలిసే నొక్కాను. అలాగే రాసుకోండి."

డాక్టరు తన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. సంతకాలు తను చూడకుండా పెట్టానని చెబితే ఆ కాగితాలతో పాటు తనూ రద్దవుతాడని ఆయనకు అర్థమైంది. అందుకే ఇరవై ఆరు కాగితాలూ నిలబడ్డాయి. మంచితనం ఎక్కడ తప్పినా, భయం మాత్రం ఒక్కోసారి చక్కగా పనిచేస్తుంది.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఊపిరి గదిలోకి వేరే మనిషిని వేశారు, అతనికి ఏ మీట నొక్కాలో కాగితం మీద రాసి గోడకు అంటించారు. చెల్లెలికి ప్యాకింగ్‌లో పని ఇచ్చారు. పోయిన ఊపిరి రాదు గాని దుమ్ముకు దూరంగా ఉంటే ఉన్నది నిలబడుతుందని పెద్ద ఆసుపత్రివాళ్ళు చెప్పారు. సాన సెక్షన్‌లో ఆమె చక్రం ఖాళీ అయింది. "అసాధారణమైన ఊపిరితిత్తులు గల వ్యక్తి కనుక సాన పనికి మిక్కిలి తగినవాడు" అని పెద్ద డాక్టరు సిఫారసు చేశాడు. గాలి మాస్టారును ఆ చక్రం ముందు వేశారు.

చేరవలసిన రోజుకు ముందు సాయంత్రం చెల్లెలు వచ్చింది. అన్నను చూసి ఏడుద్దామనే వచ్చింది, తీరా వచ్చాక వదిన ముందు ఏడవడం నచ్చక, వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"పట్టుకో. ఇది పలక అనుకో. అంచు కిందికి పెట్టు. అలా కాదు, మొహం మీదికి దించావంటే పొడంతా నీ ముక్కులోకే. తల కుడివైపుకి తిప్పు. ఊఁ, అలా."

ఆయన తల తిప్పాడు. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, బొటనవేళ్ళ మధ్య పళ్ళెం బిగించి, చెల్లెలు చెప్పినట్టు చేస్తున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"చక్రం తిరుగుతున్నంతసేపూ ఊపిరి లోపలికి తియ్యకు అన్నయ్యా" అంది చెల్లెలు. "అది ఆగినప్పుడే తియ్యి. నేనిన్నాళ్ళు బతికింది అలాగే."

"ఎప్పుడెప్పుడు ఆగుతుంది?"

చెల్లెలు పళ్ళెం అంచు సరిచేస్తూ చెప్పింది.

"మధ్యాహ్నం భోజనానికి."